2008లో ముగ్గురూ 7-1... టెక్సాస్, ఓక్లహోమా, టెక్సాస్ టెక్‌లలో ఫైనల్ సీటు ఎవరికి ఇస్తారు? ఎలా తేల్చుకోవాలో నా లెక్క

కాలేజ్ ఫుట్‌బాల్ చూడటం మొదలెట్టిన మనవాళ్లు, ముఖ్యంగా డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఉండేవాళ్లు, నవంబర్ వచ్చేసరికి నన్ను అడిగేది ఒకటే. "రికార్డ్ సమానంగా ఉంటే కాన్ఫరెన్స్ ఫైనల్‌కి ఎవరు వెళ్లాలి, ఆఫీసులో అందరూ అరుచుకుంటున్నారు, నేను ఎటు మాట్లాడాలి?" అని. దీనికి రూల్ బుక్ చదివితే సగమే తెలుస్తుంది. మిగతా సగం తెలియాలంటే 2008 బిగ్ 12 సౌత్ గొడవని ఒకసారి విప్పి చూడాలి, ఎందుకంటే ఫ్యాన్స్ చేసే ప్రతి వాదనా అందులో దొరుకుతుంది, మంచిదీ చెత్తదీ రెండూ.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తా. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము ఆడుకునే కాలేజ్ టీమ్‌ల గుంపు. అప్పట్లో బిగ్ 12 అనే కాన్ఫరెన్స్‌లో నిజంగానే 12 టీమ్‌లు, నార్త్‌లో ఆరు సౌత్‌లో ఆరు, ఎవరి డివిజన్‌లో వాళ్లు టాప్ వస్తే ఆ ఇద్దరూ ఫైనల్ ఆడతారు. సౌత్‌లో ఆ ఏడాది టెక్సాస్, ఓక్లహోమా, టెక్సాస్ టెక్ ముగ్గురూ కాన్ఫరెన్స్‌లో 7-1 (ఏడు గెలుపులు, ఒక ఓటమి), మొత్తంగా 11-1. సరే ఒకళ్లనొకళ్లు ఓడించుకున్నారు కదా అది చూద్దాం అంటే అక్కడే చిక్కు. అక్టోబర్ 11న డాలస్ కాటన్ బౌల్‌లో టెక్సాస్ 45, ఓక్లహోమా 35. నవంబర్ 1న లబ్బక్‌లో టెక్ 39, టెక్సాస్ 33. నవంబర్ 22న నార్మన్‌లో ఓక్లహోమా 65, టెక్ 21. వీడు వాణ్ణి, వాడు ఇంకొకణ్ణి, ఆ ఇంకొకడు మళ్లీ వీణ్ణి... గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.

ముందు రూల్ ఏం చేసిందో చెప్తా, తర్వాత ఒక్కో టీమ్ కేసు చూద్దాం. బిగ్ 12 టైబ్రేకర్‌లో మెట్లు దిగుతూ దిగుతూ వెళ్తే ఏ మెట్టు దగ్గరా ముగ్గురూ విడిపోలేదు, చివరికి "బీసీఎస్ ర్యాంకింగ్‌లో ఎవరు పైనుంటే వాళ్లు" అన్న దగ్గర తేలింది. బీసీఎస్ అంటే అప్పట్లో దేశం మొత్తం టీమ్‌లకి ఇచ్చే ర్యాంకింగ్, అందులో మూడింట రెండొంతులు మనుషుల ఓట్లు (హారిస్ పోల్, కోచ్‌ల పోల్), ఒక వంతు కంప్యూటర్లు. ఆ వారం హారిస్ పోల్‌లో టెక్సాస్ కాస్త ముందు, కోచ్‌ల పోల్‌లో ఓక్లహోమా ఒక్క పాయింట్ ముందు, కంప్యూటర్లలో కూడా ఓక్లహోమాయే ముందు. మొత్తం కలిపితే ఓక్లహోమా రెండు, టెక్సాస్ మూడు, మధ్యలో తేడా ఒక శాతం చిల్లర. అంతే, ఓక్లహోమా కాన్సస్ సిటీ వెళ్లి మిస్సోరిని 62-21తో ఉతికేసి కప్పు తీసుకుంది, టెక్సాస్ వాళ్లు ఇంట్లో టీవీ ముందు.

ఇక టెక్సాస్ కేసు.

టెక్సాస్ ఫ్యాన్స్ అందరూ చెప్పేది "45-35". బోర్డులు కూడా అదే రాసుకుని స్టేడియానికి వచ్చారు. ఆ మ్యాచ్‌కి ఓక్లహోమా నంబర్ 1గా వచ్చింది, గ్రౌండ్ ఇద్దరిదీ కాదు, అక్కడ 10 పాయింట్ల తేడాతో ఓడించాం కాబట్టి మేమే వెళ్లాలి అని. వినడానికి బానే ఉంటుంది కానీ పక్కన టెక్ వాడు నిలబడి ఉంటే వెంటనే "మరి 39-33 సంగతేంటి సార్" అంటాడు, దానికి వీళ్ల దగ్గర సమాధానం ఉండదు. ముగ్గురి మధ్య టై అయినప్పుడు ఇద్దరి మ్యాచ్ ఒక్కటే పట్టుకుని మాట్లాడితే మూడోవాణ్ణి లెక్కలోంచి తీసేసినట్టే కదా.

దానికి టెక్సాస్ వాళ్ల రెండో వాదన "మేము ఓడింది ఒక్క సెకను తేడాతో". ఇది మీరు చాలా సార్లు వింటారు కాబట్టి కొంచెం ఆగి చూద్దాం. లబ్బక్‌లో చివరి డ్రైవ్, టెక్సాస్ 33-32 లీడ్‌లో ఉంది, నిమిషమున్నర కూడా లేదు. టెక్ క్వార్టర్‌బ్యాక్ (బాల్ విసిరేవాడు) గ్రాహమ్ హారెల్ చకచకా ముందుకు తీసుకొచ్చాడు, ఒక బాల్ ఎవరికో తగిలి గాల్లోకి లేచి నేరుగా టెక్సాస్ ఫ్రెష్‌మన్ సేఫ్టీ (వెనక కాపలా కాసే మొదటి ఏడాది డిఫెండర్) చేతుల్లో పడింది, పట్టుకుంటే మ్యాచ్ అయిపోయేది, జారిపోయింది. తర్వాతి ప్లేలోనే టెక్ రిసీవర్ మైకెల్ క్రాబ్‌ట్రీ కుడి సైడ్‌లైన్ దగ్గర బాల్ పట్టుకుని, మీద పడ్డ డిఫెండర్‌ని విదిలించుకుని, గీత దాటకుండా నిలదొక్కుకుని టచ్‌డౌన్‌లోకి వెళ్లిపోయాడు. గడియారంలో ఇంకా 1 సెకను ఉంది. జనం గ్రౌండ్‌లోకి వచ్చేశారు, పెనాల్టీ పడింది, వాళ్లందర్నీ బయటికి తోలి మళ్లీ కిక్ ఆఫ్ చేయాల్సి వచ్చింది. నిజంగా ఆ ఒక్క క్యాచ్ దగ్గరే సీజన్ మారిపోయినట్టు అనిపిస్తుంది. కానీ మొత్తం మ్యాచ్ చూసినవాళ్లకి తెలుసు, హాఫ్ టైమ్‌కి టెక్ 22-6 లీడ్‌లో ఉంది, టెక్సాస్ ఆ రాత్రంతా వెంటపడుతూనే ఉంది, చివర్లో ఒక్క నిమిషం పాటు మాత్రమే ముందుకొచ్చింది. అంటే ఎవరి చేతిలోంచి ఎవరు లాక్కున్నారో చెప్పాలంటే, లాక్కోబోయింది టెక్సాస్, ఇవ్వనిది టెక్. కాబట్టి ఆ ఒక్క సెకను వాదన నన్ను అడిగితే వదిలేయండి, తెలిసినవాడు ఎదురుగా ఉంటే పరువు పోతుంది.

టెక్సాస్‌కి అసలైన పాయింట్ వేరే ఉంది, దాన్ని చాలామంది టెక్సాస్ ఫ్యాన్సే వాడరు, నాకు ఆశ్చర్యం. ఆ మూడు మ్యాచ్‌లు ఎక్కడ జరిగాయో చూడండి. ఓక్లహోమా టెక్‌ని ఓడించింది సొంతూరు నార్మన్‌లో. టెక్ టెక్సాస్‌ని ఓడించింది సొంతూరు లబ్బక్‌లో. టెక్సాస్ ఓక్లహోమాని ఓడించింది డాలస్‌లో, సగం స్టేడియం ఓక్లహోమా ఎర్రరంగు, సగం టెక్సాస్ నారింజ రంగు. ముగ్గురిలో సొంత గ్రౌండ్ మీద ఒక్క మ్యాచ్ కూడా దక్కనిది టెక్సాస్‌కి మాత్రమే. పైగా వరసగా నాలుగు వారాలు ర్యాంక్ ఉన్న టీమ్‌లతో ఆడింది, ఓక్లహోమా, మిస్సోరి, ఓక్లహోమా స్టేట్, టెక్. ఆ నాలుగోది బయట గ్రౌండ్‌లో రాత్రి మ్యాచ్. ఈ పాయింట్‌కి టెక్ వాడి దగ్గరా ఓక్లహోమా వాడి దగ్గరా చెప్పుకోదగ్గ జవాబు నేనైతే ఇంతవరకు వినలేదు.

ఇంకో ముచ్చట, ఇదే టై అప్పటి ఎస్ఈసీ అనే ఇంకో కాన్ఫరెన్స్‌లో జరిగి ఉంటే టెక్సాసే వెళ్లేది. వాళ్ల రూల్ ప్రకారం ర్యాంకింగ్‌లో పైన ఉన్న ఇద్దరూ ఐదు స్థానాల లోపే ఉంటే ఆ ఇద్దరి మధ్య మ్యాచ్ ఎవరు గెలిచారో చూస్తారు, అంటే 45-35 అక్కడ చెల్లేది. ఒకే సీజన్, అవే స్కోర్లు, పక్క కాన్ఫరెన్స్ పుస్తకం తెరిస్తే వేరే టీమ్!

ఓక్లహోమా కేసుకి వద్దాం, దీన్ని తేలిగ్గా తీసిపారేయకండి. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్ ఆ ఏడాది హైస్మన్ ట్రోఫీ (కాలేజ్ ఫుట్‌బాల్‌లో బెస్ట్ ప్లేయర్‌కి ఇచ్చేది) ఊరికే కొట్టలేదు. నెబ్రాస్కా మీద 62, టెక్సాస్ ఏ అండ్ ఎం మీద 66, టెక్ మీద 65, ఓక్లహోమా స్టేట్ మీద వాళ్ల ఊళ్లోనే 61, ఫైనల్‌లో మిస్సోరి మీద 62, అంటే వరసగా ఐదు మ్యాచ్‌లు 60 దాటించారు. సీజన్ మొత్తానికి 716 పాయింట్లు, అప్పటికి అది రికార్డు. టెక్ నంబర్ 2 ర్యాంకుతో నార్మన్ వస్తే హాఫ్ టైమ్‌కే 42-7, మ్యాచ్ అక్కడితో అయిపోయింది. కామన్‌గా ఆడిన ఓక్లహోమా స్టేట్‌ని తీసుకోండి, టెక్సాస్ సొంత గ్రౌండ్‌లో 28-24తో బతికి బయటపడింది, ఓక్లహోమా అదే టీమ్‌ని స్టిల్‌వాటర్ వెళ్లి 61-41 కొట్టొచ్చింది (టెక్ అయితే లబ్బక్‌లో 56-20, దాన్ని ఎవరూ గుర్తు చేయరు పాపం). టెక్సాస్‌తో మ్యాచ్ మధ్యలో మిడిల్ లైన్‌బ్యాకర్ రయన్ రేనాల్డ్స్ మోకాలు పోవడం కూడా ఓక్లహోమా వాళ్లు చెప్తారు, నిజమే, ఆ తర్వాతే డిఫెన్స్ సడలింది. కానీ గాయాలు అందరికీ అవుతాయి, దాన్ని పెట్టి సీటు అడిగితే బాగోదు.

మనకి క్రికెట్ బుర్ర కాబట్టి ఒక లెక్క చేసి చూద్దాం. ఐపీఎల్‌లో పాయింట్లు సమానమైతే నెట్ రన్ రేట్ చూస్తారు కదా, 2024లో సన్‌రైజర్స్, రాజస్థాన్ ఇద్దరికీ 17 పాయింట్లే, రన్ రేట్ మీద మనవాళ్లు రెండో ప్లేస్ కొట్టేశారు, దానికి ఎవరూ కొట్టుకోలేదు. అదే పద్ధతి ఇక్కడ ఆ మూడు మ్యాచ్‌లకే పెడితే ఓక్లహోమా ప్లస్ 34, టెక్సాస్ ప్లస్ 4, టెక్ మైనస్ 38. ఓక్లహోమా నడుచుకుంటూ వెళ్లిపోతుంది. అయితే అమెరికా వాళ్లకి ఈ పద్ధతి అంటే గిట్టదు, ఓడిపోయేవాణ్ణి ఇంకా కొట్టడం తప్పు అన్నట్టు చూస్తారు, బీసీఎస్ కంప్యూటర్లలోంచి కూడా గెలుపు తేడాని అప్పటికే తీసేశారు. కానీ ఓటేసేది మనుషులు, 65-21 చూసినవాడి కళ్లు మూయించలేరు కదా, రూల్‌లో లేని రన్ రేట్ ఓటులో వచ్చి కూర్చుంది. నన్నడిగితే దొడ్డిదారిన లెక్కపెట్టే బదులు పబ్లిక్‌గా లెక్కపెట్టి ముందే చెప్పడం మేలు, కనీసం కోచ్‌కి తెలుస్తుంది ఎంత కొట్టాలో.

ఓక్లహోమాకి ఇంకో బలం నాన్ కాన్ఫరెన్స్ షెడ్యూల్, అంటే కాన్ఫరెన్స్ బయటి టీమ్‌లతో ఆడే మ్యాచ్‌లు. వాళ్లు టీసీయూని 35-10, సిన్సినాటిని 52-26 ఓడించారు, రెండూ ఆ ఏడాది గట్టి టీమ్‌లు, సిన్సినాటి అయితే బిగ్ ఈస్ట్ ఛాంపియన్. టెక్సాస్ బయట ఆడింది ఫ్లోరిడా అట్లాంటిక్, యూటెప్, రైస్, ఆర్కన్సాలతో, అందులో మూడు మ్యాచ్‌లు అచ్చం 52-10, కాపీ కొట్టినట్టు. టెక్ సంగతి ఇంకా దారుణం, ఈస్టర్న్ వాషింగ్టన్, యూమాస్ అని అప్పటికి కింది డివిజన్‌లో ఉన్న రెండు టీమ్‌లతో ఆడి గెలుపులు పోగేసుకున్నారు. కంప్యూటర్లు ఓక్లహోమా వైపు మొగ్గాయంటే కారణం ఎక్కువగా ఇదే.

ఇక్కడే నా అభ్యంతరం, ఈ మొత్తం రాతలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది కూడా ఇదొక్కటే. కాన్ఫరెన్స్ ఫైనల్ సీటు అనేది కాన్ఫరెన్స్ వాళ్ల సొంత విషయం. సెప్టెంబర్‌లో సిన్సినాటితో ఎలా ఆడావు అన్నది నేషనల్ ర్యాంకింగ్‌కి కావాలి, ప్లేఆఫ్ కమిటీకి (ఇప్పుడు నేషనల్ టైటిల్ పోటీకి టీమ్‌లని ఎంచేవాళ్లు) కావాలి, బిగ్ 12 సౌత్‌లో ఎవరు ఫస్ట్ అన్నదానికి ఎందుకు? బీసీఎస్ ర్యాంకింగ్‌ని టైబ్రేకర్‌లో పెట్టిన రోజే వాళ్ల ఇంటి తగువు ఊరి పంచాయితీకి వెళ్లిపోయింది, ఎక్కడో సియాటిల్‌లోనో మయామిలోనో కూర్చుని ఓటేసేవాడు నార్మన్‌కా టెక్సాస్ వాళ్ల ఆస్టిన్‌కా అని తేల్చాడు. అందుకే నా ఓటు టెక్సాస్‌కి. 45-35 కోసం కాదు, ఒక్క సెకను కోసం అసలు కాదు, ముగ్గురిలో సొంత గ్రౌండ్ లేకుండా ఒకటి గెలిచి ఒకటి 6 పాయింట్లతో ఓడింది వాళ్లే కాబట్టి. మీకు ఇది నచ్చకపోతే ప్లస్ 34 పట్టుకుని ఓక్లహోమా వైపు నిలబడండి, అదీ గౌరవంగా నిలబడగలిగే వైపే. "నవంబర్‌లో ఎవరు బాగా ఆడుతున్నారు" అని మాత్రం మాట్లాడకండి, అక్టోబర్‌లో గెలిచిన మ్యాచ్‌కి విలువ తక్కువని ఏ పుస్తకంలోనూ లేదు.

టెక్ గురించి రెండు మాటలు. వాళ్లకి చెప్పుకోడానికి నంబర్ 1 మీద గెలుపు ఉంది, కానీ నార్మన్‌లో 44 పాయింట్ల తేడా ఉంది, చివర్లో బేలర్ మీద 35-28తో కిందా మీదా పడి గెలవడం ఉంది, నెబ్రాస్కా మీద ఓవర్‌టైమ్ ఉంది. సీటు రాదు. లబ్బక్‌లో చదివిన మన పిల్లలు ఇది ఒప్పుకోరు, ఒప్పుకోవక్కర్లేదు కూడా, 2025లో అదే టెక్ ఆర్లింగ్టన్‌లో బీవైయూని 34-7 కొట్టి మొదటి బిగ్ 12 టైటిల్ తీసుకుంది, ఆసారి ఎవరి దయా అక్కర్లేకుండా.

ఇప్పుడు డివిజన్లు దాదాపు పోయాయి. కాన్ఫరెన్స్‌లో 16, 17, 18 టీమ్‌లు, టేబుల్‌లో పైనున్న ఇద్దరు ఫైనల్. దీనివల్ల గొడవ తగ్గిందా అంటే ఇంకా పెరిగింది, ఎందుకంటే టై అయినవాళ్లు చాలాసార్లు ఒకళ్లకొకళ్లు ఎదురుపడనే పడరు, 2025లో ఏసీసీ అనే కాన్ఫరెన్స్‌లో 17 మందిలో ఒక్కోళ్లు ఆడింది 8 మందితోనే. 2024లో బిగ్ 12లో నలుగురు 7-2, అరిజోనా స్టేట్, అయోవా స్టేట్, బీవైయూ, కొలరాడో. సీజన్ మొదట్లో మీడియా వాళ్లు ఆఖరి ప్లేస్ ఇచ్చిన అరిజోనా స్టేట్ వెళ్లి కప్పు కొట్టింది.

కానీ నా పద్ధతికి అసలు పరీక్ష 2025 ఏసీసీ. వర్జీనియా 7-1తో పైన, దాని కింద ఐదుగురు 6-2: మయామి, డ్యూక్, జార్జియా టెక్, ఎస్ఎంయూ, పిట్. ఒక్క సీటు. మయామి మొత్తంగా 10-2, నోటర్ డామ్‌ని ఓడించిన టీమ్, ఆఖరి వారం పిట్ ఊరెళ్లి 38-7 కొట్టింది. డ్యూక్ మొత్తంగా 7-5, బయట ఇల్లినాయ్, ట్యులేన్, యూకాన్ ముగ్గురి చేతిలోనూ తన్నులు తిన్నది. చివరికి కాన్ఫరెన్స్‌లో ఎవరు ఆడిన ప్రత్యర్థులు ఎక్కువ గెలిచారు అన్న లెక్కలో డ్యూక్‌కి సీటు వచ్చింది. ఆ రోజు మా గ్రూప్‌లో జరిగిన రచ్చ అంతా ఇంతా కాదు, "ఐదు ఓడినవాడికి ఫైనలా, సిగ్గుండాలి" అని ఒకడు, "రూల్ అంటే రూల్" అని ఇంకొకడు.

నేను పైన చెప్పిన మాట మీద నిలబడితే డ్యూక్ సీటు న్యాయమే, ఎందుకంటే ఆ ఓడిన ఐదింటిలో మూడు బయటి మ్యాచ్‌లు, ఏసీసీలో వాళ్లూ మయామీ సమానం. ఎస్ఎంయూ చేతిలో ఓవర్‌టైమ్‌లో, లూయివిల్ చేతిలో ఓడకుండా ఉంటే మయామికి ఈ తలనొప్పే లేదు. ఇందులో నిజంగా కడుపు మండాల్సింది మయామి వాళ్లకి కాదు, జార్జియా టెక్ వాళ్లకి. వాళ్లు డ్యూక్‌ని డ్యూక్ సొంత గ్రౌండ్‌లోనే 27-18 ఓడించారు! కానీ ఐదుగురి టైలో అందరూ అందరితో ఆడకపోతే ఆ గెలుపు లెక్కలోకే రాదు. పైగా వాళ్లు పిట్ చేతిలో అట్లాంటాలో 42-28 ఓడారు, కాబట్టి వాళ్లదీ మచ్చలేని కేసు కాదు. మన డాలస్ ఎస్ఎంయూ అయితే ఆఖరి మ్యాచ్ గెలిస్తే సీటు చేతిలో ఉన్నట్టే, కాలిఫోర్నియా వెళ్లి 38-35 ఓడొచ్చింది, వాళ్ల గురించి వాదించడానికి ఏమీ మిగల్లేదు.

తర్వాత జరిగింది చూడండి. డ్యూక్ ఫైనల్‌లో వర్జీనియాని ఓవర్‌టైమ్‌లో 27-20 ఓడించి ఛాంపియన్ అయింది, అయినా 12 టీమ్‌ల ప్లేఆఫ్‌లోకి రాలేదు, అప్పటి రూల్ ప్రకారం ఛాంపియన్లలో ర్యాంక్ ఎక్కువున్న ఐదుగురికే గ్యారంటీ, ఆ ఐదో చోటు జేమ్స్ మ్యాడిసన్ ఎత్తుకుపోయింది. డ్యూక్‌ని సెప్టెంబర్‌లో ఓడించిన ట్యులేన్ కూడా లోపల. ఏసీసీ ఫైనలే ఆడని మయామి మాత్రం కమిటీ ద్వారా లోపలికెళ్లి నేషనల్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ దాకా వెళ్లి ఇండియానా చేతిలో 27-21 ఓడింది. దీన్ని చూపించి "చూశారా మయామిదే రైట్" అంటారు కొందరు. నాకైతే రెండూ రెండు ప్రశ్నలు అనిపిస్తుంది, ఏసీసీలో ఎవరు అన్నదానికి డ్యూక్, దేశంలో గట్టి టీమ్ ఎవరు అన్నదానికి మయామి, రెండు కుర్చీలూ సరైనవాళ్లకే వెళ్లాయి.

కాబట్టి ఈసారి ఎవరైనా మిమ్మల్ని లాగితే ముందు అడగండి, మనం మాట్లాడేది కాన్ఫరెన్స్ ఫైనల్ గురించా ప్లేఆఫ్ గురించా అని. ప్లేఆఫ్ అయితే నాన్ కాన్ఫరెన్స్, గాయాలు, తేడాలు అన్నీ తెచ్చుకోవచ్చు. కాన్ఫరెన్స్ సీటు అయితే ముందు టై అయినవాళ్ల మధ్య మ్యాచ్‌లు చూడండి, గుండ్రంగా తిరిగితే ఆ మ్యాచ్‌లు ఎవరి గ్రౌండ్‌లో జరిగాయో చూడండి, అప్పటికీ తేలకపోతే కామన్‌గా ఆడిన టీమ్‌లు, ఆ తర్వాతే ప్రత్యర్థుల లెక్క. ఇద్దరి టై అయితే ఇంత అక్కర్లేదు, వాళ్లలో వాళ్లు ఆడితే గెలిచినవాడిదే, మాటలు దండగ. ఎదుటివాడు ఓక్లహోమా అయ్యుండి "మేం ఐదుసార్లు 60 కొట్టాం" అంటే ఒప్పుకుని, టెక్‌తో ఆ మ్యాచ్ లబ్బక్‌లో పెట్టుంటే ఎంత కొట్టేవారో అడగండి. టెక్సాస్ వాడైతే 39-33 అనండి చాలు.